గేటు దగ్గర తొట్టి

మార్చి 2, సోమవారం
పొలం గది నుంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మరదలిని అడిగానని చెప్పు, పిల్లలకి నా ముద్దులు. ఇక్కడ మీ బావ మోకాలు తప్ప అందరం కులాసాగానే ఉన్నాం. ఆ మోకాలు మాత్రం ఎవరి మాటా వినదు, అచ్చం ఆయనలాగే.

భూతద్దం బాబూ, నీ క్యారెట్టు గెలిచింది!

ఫోన్లో చెప్పేయొచ్చు. కానీ ఫోన్లో చెప్పిన కబురు నిమిషంలో ఆవిరైపోతుంది, కాగితం మీదైతే దాచుకుంటావు. చిన్నప్పుడు జేబులో భూతద్దం పెట్టుకుని చీమ కాళ్లు లెక్కపెట్టినవాడివి. ఏడేళ్లుగా గాజుసీసాల్లో జెల్లీ మీద ఆకుముక్కలు పెంచి, ఎవరు నవ్వినా ఆ ఒక్క జన్యువుని పట్టుకుని వేలాడినవాడివి. నీకు ఈ కబురు ఉత్తరంలోనే రావాలి.

కంచె లోపల అవతలి పక్క, నీ కొత్త క్యారెట్టు వేసిన సగంలో, మందు కొట్టాక, వేళ్ల మీద పడి బతికే ఆ బోడు కలుపు ఒక్క కాడ కూడా లేవలేదు. నమ్మలేక మోకాళ్ల మీద పాకి మరీ చూశాను. రెండు మొక్కలు పీకి వేళ్లు కడిగి చూశాను. వేరుకి అంటుకున్న బోడు బుడిపెలు నల్లబడి, మెత్తబడి చచ్చిపోయి ఉన్నాయి. క్యారెట్టు మాత్రం నవనవలాడుతోంది. ఆకు మీద పడిన కలుపు మందు మొక్కని ఏమీ చెయ్యకుండా దాని లోపలి నుంచి దిగి, వేరు పీల్చే దొంగని మాత్రమే చంపుతుందని నువ్వు చెప్పినప్పుడు మీ బావ పగలబడి నవ్వారు. ఇవాళ ఆయనే కుంటుకుంటూ వచ్చి, నీ తమ్ముడు ఘటికుడే అన్నారు.

ఇక సిగ్గుపడుతూ రాసే మాట ఒకటుంది. ఇవతలి సగంలో, మామూలు క్యారెట్టు వేసిన చోట, బోడు విరగబడి లేచింది. ఆకు లేదు, పచ్చదనం లేదు, పాలిపోయిన కాడలూ ఊదారంగు పూలూ. పాతిక మొక్కలకి ఇరవై పాడైపోయాయి. పరీక్షకి పనికొచ్చిందని నువ్వు సంతోషిస్తావేమో కానీ, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పొలం మూలచెక్కలో పుట్టిన బోడుని నాన్న పదకొండేళ్లు పీకారు. పూతకి రాకముందే పీకి, గోనెలో కట్టి, కాల్చి బూడిద చేశారు. నీ మేనకోడలు పుట్టిన ఏడు ఆఖరి కాడ పీకారు. ఈ పంతొమ్మిదేళ్లలో మళ్లీ ఒక్కటి మొలవలేదు. గేటు దగ్గర తొట్టిలో మందునీళ్లు పోసి, ఎవరొచ్చినా బూట్లు కడిగించాను. పశువుల డాక్టరుగారిని కూడా వదల్లేదు.

అయినా వచ్చింది. ఆ వానల వారంలో తొట్టి నీళ్లు సరిగ్గా మార్చలేదేమో. మన క్యారెట్లు కొనే ఫ్యాక్టరీ లారీవాడు నేను చూడకుండా లోపలికి వచ్చాడేమో. తప్పు నాదేనేమో తమ్ముడూ. నన్ను క్షమించు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. బోడు ఎప్పుడూ ఒకచోట మచ్చలా మొదలై చుట్టూ పాకుతుంది. ఇదేమో గీత గీసినట్టు సాలు వెంబడి లేచింది. సాళ్ల మధ్య ఒక్కటీ లేదు. నువ్వు చదువుకున్నవాడివి, ఎందుకో చెప్పు. ఏదైనా సరే చెప్పు, నేనేమీ అనుకోను.

జవాబు కోసం చూస్తూ,
నీ అక్క


మార్చి 17, మంగళవారం
పొలం గది నుంచే

తమ్ముడికి,

చిరంజీవి అని రాసి కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. నువ్వు నా పొలంలో పోయించిన గింజలు ఇరవై ఏళ్లు చావవు. ఈ ఇంటికి ఆ చిరంజీవులు చాలు.

ఉత్తరమన్నాక క్షేమసమాచారం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ బావ మోకాలు నయమైంది. మిగతావేవీ బాగాలేవు.

నీ జవాబు పోయిన సోమవారం అందింది. నీ తప్పేం లేదక్కా, నేలన్నాక ఇలాంటివి మామూలే, తొట్టి నీళ్లు ఎన్నిసార్లని మారుస్తావు, మనసులో పెట్టుకోకు అని రాశావు. సాళ్ల సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీ బావకి చదివి వినిపిస్తే, ఎంత మంచివాడో చూడు, నిన్ను పల్లెత్తు మాట అనలేదు అన్నారు. ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. నీ దస్తూరీ ఎంత ముద్దుగా ఉందో! ఒక్క అక్షరం కూడా వణకలేదు.

బుధవారం మొక్కలు పెంచే మీ గాజుగదిలో పనిచేసే ఆవిడ వచ్చింది. వచ్చే ఏడు రిటైరయ్యే ఆవిడ, చేతికి ఎప్పుడూ రబ్బరుబ్యాండ్లు వేసుకుని తిరుగుతుందే, ఆవిడ. చెక్క చట్రం నేల మీద పరిచి, అందులో పడ్డ బోడు కాడలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటోంది. నేను టీ పట్టుకెళ్లాను. చూశారా ఎంత సమంగా వచ్చాయో, మా కష్టం ఊరికే పోలేదు అంది. మీ కష్టమేమిటండీ, పాడైంది నా పొలం కదా అన్నాను నవ్వుతూ. అదేంటమ్మా అలా అంటారు, ఈ బోడుని కుండీల్లో పెంచి, కాయలు ఎండబెట్టి, గింజ జల్లెడ పట్టి, సాలుకి ఇంతని తూచి, క్యారెట్ విత్తనంతో పాటు ఇసుకలో కలిపి సంచులు కట్టింది నేనేగా, నాలుగు రోజులు తుమ్ములే తుమ్ములు అంది. అని నా మొహం చూసి గ్లాసు కింద పెట్టేసింది. సారు మీతో చెప్పలేదా అంది. మీరు ఒప్పుకున్నారనే చెప్పారమ్మా అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ లెక్క సగంలో వదిలేసి, చట్రం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ గేటు దగ్గర చాలాసేపు బూట్లు కడుక్కుంది.

విత్తనాలు వేసిన రోజు గుర్తుందా నీకు? నాకు నిమిషం నిమిషం గుర్తుంది. క్యారెట్ విత్తనం సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లడం మనింట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన పని. ఇసుక ఆరబెట్టి జల్లించడం చిన్నప్పటి నుంచీ నా వంతు. ఆ రోజు మాత్రం ఇసుక నువ్వే కలిపి తెచ్చావు. నీకు శ్రమెందుకక్కా అన్నావు. మిషన్ పెడితే విత్తనం వృథా అవుతుంది, నీ చెయ్యి మిషన్ కంటే నయం అన్నావు. నేను పొంగిపోయాను. ఇంత చదువుకున్నవాడు నా చేతిని మెచ్చుకున్నాడని మధ్యాహ్నం మీ బావతో రెండుసార్లు చెప్పుకున్నాను.

అవతలి సగంలో ఇరవై నాలుగు సాళ్లు, ఇవతలి సగంలో ఇరవై నాలుగు. నలభై ఎనిమిదీ నేనే చల్లాను. నాన్న పదకొండేళ్లు వంగి వంగి పీకిన దాన్ని, ఒక్క పూటలో నా చేత్తో నాచేతే చల్లించావు.

అన్నిటికంటే మండేది ఏమిటో తెలుసా? నువ్వు బూట్లు కడుక్కున్నావు. అడగకుండానే తొట్టిలో దిగి, బ్రష్ తీసుకుని, బూటు అడుగున గాడుల్లో మట్టి గోటితో తీసి మరీ కడుక్కున్నావు. ఒకసారి చాలురా అంటే, పైనుంచి నాన్న చూస్తుంటారక్కా అని రెండోసారి కడుక్కున్నావు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బంగారుతండ్రి, పద్ధతి మరిచిపోలేదు అనుకున్నాను. అప్పటికే సంచి నా భుజం మీద ఉంది. నటించడం ఎక్కడ నేర్చుకున్నావురా? మనింట్లో ఎవరికీ రాదే!

గురువారం పొద్దున్నే నీకు ఫోన్ చేశాను. బోడు గింజ నువ్వే కలిపావా అని అడిగాను. ఎవరు చెప్పారక్కా అన్నావు. ఎవరు చెప్పారని అడిగావే కానీ అబద్ధమని అనలేదు. అక్కడితోనే నాకు అర్థమైపోయింది, మిగతాదంతా ఊరికే విన్నాను. తనంతట తాను వచ్చే బోడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుందట. అలా వస్తే నీ క్యారెట్టు గెలిచిందో, అదృష్టం గెలిచిందో అనుమతి ఇచ్చే కమిటీవాళ్లు నమ్మరట. ఈ సీజన్ తేలకపోతే నీ పరిశోధన గది మూసేస్తారట, నీ కింద పనిచేసే ఆరుగురూ రోడ్డున పడతారట. ఎలాగూ నాన్న కాలంలో బోడు చూసిన పొలమే కదక్కా అన్నావు. ఒకప్పుడు జ్వరం వచ్చి తగ్గినవాడికి మళ్లీ జ్వరం అంటిస్తే తప్పులేదన్నట్టు!

పోనీ, అవసరం మనిషి చేత గడ్డి తినిపిస్తుంది, తమ్ముడు బుద్ధి తక్కువై చేశాడు అనుకుందామంటే, చివర్లో ఇంకో మాట అన్నావు. నువ్వు సంతకం పెట్టావు కదక్కా అన్నావు.

పెట్టాను. ఎనిమిది చోట్ల పెట్టాను. నువ్వు పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసిన ప్రతిచోటా పెట్టాను. చదువుతానంటే, ఏముందక్కా, కంచె వేస్తామనీ, క్యారెట్లు ఎవరూ తినకూడదనీ, పూతకి రాకముందే పీకేస్తామనీ, అంతే అన్నావు. ఆ కాగితాల నకలు గాజుగది ఆవిడే శుక్రవారం తెచ్చి ఇచ్చింది, పాపం, ఆవిడకి అన్నం సయించలేదట. ఐదో పేజీలో ఉంది. పొలంలో బోడు గింజ సమంగా చల్లడానికి యజమాని పూర్తి అంగీకారం అని. కింద నా సంతకం. నీ పెన్సిలు గుర్తు కూడా ఇంకా పూర్తిగా చెరగలేదు.

ఇంట్లో జరిగింది కూడా విను. నీ మేనకోడలు ఈ ఏడు ఫ్యాక్టరీకి క్యారెట్లు తన పేరు మీద ఇస్తానని రాసుకుంది. మొదటిసారి. కొత్త పెన్ను కొనుక్కుని మరీ రాసింది. పరీక్ష చెక్క పక్కన ఉన్న మిగతా పొలమంతా దానికే వదిలేశాను. శనివారం ఫ్యాక్టరీ నుంచి తనిఖీ ఆయన వచ్చి, కంచె లోపలి బోడు చూసి, గేటు దాటకుండానే పిల్ల పేరు కొట్టేశాడు. బోడు ఉన్న పొలం నుంచి దుంపలకి అంటుకొచ్చే మట్టి కూడా మాకు వద్దమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది, మర్యాదగా చెప్పాడు. పిల్ల ఏడవలేదు. మామయ్యకి ఫోన్ చేద్దాం, ఏదో దారి చూపిస్తాడు అంది. నేనింకా దానికి చెప్పలేదు. ఎలా చెప్పమంటావు? దాని గదిలో గోడ మీద తెల్లకోటులో నీ ఫొటో ఉంది.

పక్క పొలం టమాటాలాయనకి మాత్రం చెప్పక తప్పలేదు. టమాటా వేరన్నా బోడుకి ప్రాణమే. ఇరవై ఏళ్లుగా మన తొట్టి చూసి, మీ పొలమా ఆపరేషన్ గదా అని ఎగతాళి చేసే మనిషి. ఆదివారం ఏదో అడగడానికి వెళ్లాను, వాళ్ల గేటు దగ్గర కొత్త తొట్టి కనిపించింది. నీలం ప్లాస్టిక్ తొట్టి, పక్కన బ్రష్. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, ఏమీ అనుకోకండి అన్నాడు. నేను వంగి నా బూట్లు కడుక్కున్నాను. నా జీవితంలో ఇంకొకరి గేటు దగ్గర నా బూట్లు కడుక్కోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నిన్న నీ మెసేజ్ చూశాను. భయపడకక్కా, అనుమతి రాగానే మొదటి విత్తనం నీకే, బోడు ఉన్నా నీ పొలంలో నా క్యారెట్టు పండుతుంది అన్నావు. పండుతుంది, నాకు తెలుసు. నీ క్యారెట్టు మంచిది తమ్ముడూ, అందులో అబద్ధం లేదు. అదే కదా నా ఏడుపు! నిజంగా బోడుతో చస్తున్న రైతులు ఎంతమంది లేరు? వాళ్ల పొలంలో వేసి, నాలుగేళ్లు ఆలస్యమైనా గెలిచేవాడివి. నాది బాగున్న పొలం. దాన్ని చెడగొట్టి, నీ విత్తనమూ నీ మందూ తప్ప ఇంకేదీ పనికిరాకుండా చేసి, ఇప్పుడు మొదటి సంచి నాకే ఇస్తానంటున్నావు. దాన్ని కానుక అంటారా?

వద్దు. కంచె లోపలిదంతా నీ మనుషుల చేత పీకించి కాల్పించు. మేము మొక్కజొన్న వేస్తాం, బోడు దాని జోలికి రాదు. ఫ్యాక్టరీకి మొక్కజొన్న అక్కర్లేదు, అది మా తిప్పలు. తప్పి మొలిచిన కాడల్ని పిల్లా నేనూ పీకుతాం. పదకొండేళ్లో, ఇరవయ్యేళ్లో. నేను పోయాక అది పీకుతుంది.

నిన్ను అడిగేది ఒక్కటే. ఇరవై ఎనిమిదో తారీఖు కమిటీ ముందు నిలబడి లెక్కలు చదువుతావు కదా. ఆ బోడు ఎలా వచ్చిందో కూడా చదువు. నువ్వే చల్లించావనీ, చల్లిన మనిషికి తెలియదనీ, సంతకం చదవనివ్వకుండా పెట్టించావనీ చెప్పు. నీ గది మూసేస్తే మూసేయనీ. చెప్పకపోతే ఆ సంగతి నేనే రాసి ఇస్తాను. కాగితం సిద్ధంగా ఉంది.

నాన్న నీకు చదువిచ్చారు, నాకు పొలమిచ్చారు. నీ చదువు జోలికి నేను ఏనాడూ రాలేదు.

మరదలికి ఏమీ చెప్పకు, అది తట్టుకోలేదు. ఇంటికి రావాలనుకుంటే కమిటీ అయ్యాక రా. వస్తే తొట్టి దగ్గర ఆగకు. ఇక లోపలికి వచ్చేటప్పుడు కడుక్కుని లాభం లేదు, బయటికి వెళ్లేటప్పుడే కడుక్కోవాలి.

ఇట్లు,
ఆ పొలం యజమానురాలు

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. పైన రాసిందాంట్లో ఒక్క మాట అబద్ధం. చల్లిన మనిషికి తెలియదని చెప్పమన్నాను. తెలుసు.

నాన్న ఒక చిన్న మందుసీసాలో బోడు గింజలు దాచి, తొట్టిని చూసి నవ్విన ప్రతివాళ్లకీ చూపించేవారు. నల్లని నుసి. ఆ సీసా పదేళ్లు నేనే తుడిచి పెట్టాను. విత్తనాలు వేసిన రోజు, మూడో సాలు దగ్గర, అదే నుసి నా అరచేతి గీతల్లో కనిపించింది. ఇదేమిట్రా అన్నాను. బొగ్గుపొడి అక్కా, బూజు పట్టకుండా కలిపాం అన్నావు. బొగ్గయితే రుద్దితే మరక పడుతుంది. నేను రుద్దాను, పడలేదు. అయినా మిగిలిన నలభై అయిదు సాళ్లూ చల్లాను. తమ్ముణ్ణి అనుమానించిన అక్కనవుతానని భయపడ్డాను, పొలం కోసం భయపడలేదు. గాజుగది ఆవిడ చెప్పినప్పుడు నోట మాట రానిది ఆశ్చర్యంతో కాదు.

మొదటి ఉత్తరంలో తప్పు నాదేనేమో అని రాసింది కూడా అందుకే. కాదక్కా, తప్పు నాదే అని నువ్వు ఒప్పుకుంటావని రాశాను. పోస్టు కోసం రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు నన్ను క్షమించేశావు.

అందుకని కమిటీకి ఇచ్చే కాగితం మళ్లీ రాశాను. నీ పేరు కింద నా పేరు కూడా ఉంది. పిల్లకి ఈ సాయంత్రం రెండు పేర్లూ చెబుతాను.

ఆ రోజు భూతద్దం నీ చొక్కా జేబులోనే ఉంది, తమ్ముడూ. అడిగితే ఇచ్చేవాడివే. నేను అడగలేదు.